కంబళి పట్టుకున్న చేయి

కొత్తగా చేరిన వాచర్లకు, గార్డులకు పనికొచ్చే అనుభవం ఏదైనా ఉంటే రాసివ్వమని మా రిటైరైన ఉద్యోగుల సంఘం వాళ్ళు అడిగారు. నన్ను ఆఖరున అడిగారు. నాకంటే రెండేళ్ళు వెనక దిగిపోయినవాళ్ళు కూడా అప్పటికే రాసి ఇచ్చేశారట. ఆ సంగతి నేను మరిచిపోయేది లేదు. అయినా రాస్తున్నాను. ఎందుకంటే నేను రాయబోయే ఈ విషయం నాకే ఇంకా సరిగ్గా అర్థం కాలేదు. కాగితం మీద పెడితేనన్నా తెలుస్తుందేమోనని.

నేను అటవీశాఖలో వాచరుగా చేరి గార్డుగా దిగిపోయాను. కర్ణాటకలో ఉన్న మా పావగడ తాలూకాలో అడవి అంటే చెట్లు అనుకునేరు. మా దగ్గర అడవి అంటే బండలు, బండల మధ్య ముళ్ళకంప. అందులో ఎలుగుబంట్లు, చిరుతలు. నా సర్వీసులో సగం ఎలుగుబంట్లను శెనక్కాయ చేలలోంచి తరమడానికే సరిపోయింది. ఏనుగును మాత్రం మా తాలూకాలో చూడాలంటే గుడి గోడ మీద బొమ్మ చూడాల్సిందే. అలాంటి చోట నేను నెల రోజులు ఒక ఏనుగు పిల్లను సాకాను. దానికి రుజువుగా మా ఆఫీసులో తలుపు పైన ఒక ఫోటో ఉంది. గున్న ఏనుగు, దాని నోట్లో పాలసీసా, సీసా పట్టుకున్న డాక్టరు, వెనకాల చేతులు కట్టుకుని రేంజరు. గున్న వీపు మీదికి వేలాడుతున్న నల్ల కంబళి. ఆ కంబళి అంచును పైకెత్తి పట్టుకున్న ఒక చేయి. మణికట్టు దాకా కనపడుతుంది. మిగతా మనిషి లేడు.

ఆ చేయి నాదని నేను ఐదు అర్జీలు పెట్టుకున్నాను. ఇద్దరి పేర్లు కింద రాసి ఉన్నాయి, మూడో పేరు కూడా రాయించమని. ఏళ్ళ తరబడి ఒక్కదానికీ జవాబు రాలేదు.

మొదటి నుంచి చెప్తాను.

అప్పటికి సోలార్ పార్కు వచ్చి కొన్నేళ్ళే అయింది. ఎండలు ముదురుతున్న రోజులు. ఒక పొద్దున వల్లూరు దగ్గర నుంచి పార్కు సెక్యూరిటీ మనిషి ఫోన్ చేశాడు.

"సార్, ప్లేట్ల కింద ఏనుగుండాది."

"ఎలుగుబంటేమో, సరిగ్గా చూడప్పా."

"ఎలుగుబంటికి తొండముంటాదా సార్?"

బండి తీసుకుని పోయాను. ఒకప్పుడు శెనక్కాయ పండిన నేల అది. ఇప్పుడు కంటికి ఆనినంత మేరా ప్యానెళ్ళే, వరసలు వరసలుగా. చెట్టు నీడంటూ లేదు. ఒక వరస కింద, ఏటవాలుగా ఉన్న ప్యానెల్ ఎత్తు వైపున, నా నడుము ఎత్తు గున్న నిలబడి ఉంది. ఒంటి మీద బురద ఎండి పెచ్చులు కట్టింది. తొండం పైకెత్తి ప్యానెల్ అడుగు భాగాన్ని తడుముతోంది. అట్లా ఎందుకు చేస్తోందో అప్పుడు నాకు తెలియలేదు.

ప్యానెళ్ళు కడిగే ఆడవాళ్ళు పొడుగు కర్రలు పట్టుకుని దూరంగా నిలబడి ఉన్నారు. వాళ్ళకు మేస్త్రీ లాంటి ఆమె వల్లూరు మనిషి, నాకు వరసకు వదిన. చీర మీద కంపెనీ ఇచ్చిన మట్టిరంగు పొడుగు చేతుల చొక్కా తొడుక్కునేది. నన్ను చూస్తూనే, "ఏమప్పా వాచరూ, వినాయకుడు నడిచొచ్చినాడు, కొబ్బరికాయ తెచ్చినావా?" అంది.

నేను గార్డునై అప్పటికే ఏడాది దాటింది. ఆమె మాత్రం వాచరనే పిలిచేది. అందరి ముందర.

"ఎప్పుడొచ్చినాదో తెల్దు," అంది మళ్ళీ. "మేము వచ్చేసరికే ఈడ ఉండాది. మేము పైన కడుగుతా ఉంటే అంచు నుంచి కారిన నీళ్ళకు నోరు తెరిచినాది. పాపం, ఇంకో ప్లేటు కూడా కడిగినాము దానికోసమే."

తల్లి సంగతి సాయంత్రానికి తెలిసింది. ఆంధ్ర సరిహద్దు అవతల ఒక పాడుబావిలో పడి చచ్చిపోయిందట. ఎక్కడినుంచో దారి తప్పి వచ్చిన తల్లీపిల్లా. దగ్గర్లో ఏనుగుల గుంపంటూ ఏదీ లేదు. పిల్ల నడుచుకుంటూ నీడ కనపడిన చోట ఆగింది.

దూరంగా, వేరే జిల్లా అడవిలో, తల్లులు లేని ఏనుగు పిల్లల్ని పెంచే శరణాలయం ఒకటి ఉంది. వాళ్ళు వెంటనే తీసుకోలేమన్నారు. ఇంత బలహీనంగా ఉంటే లారీ ప్రయాణానికి తట్టుకోదు, కాస్త తేరుకున్నాక పంపండి అన్నారు. దాంతో మా నర్సరీలో మొక్కల షెడ్డు ఖాళీ చేసి దానిని అక్కడ పెట్టాము. సిటీ నుంచి ఒక డాక్టరు వచ్చాడు. చిన్న వయసు. పనిలో వంక పెట్టడానికి లేదు, అది ఒప్పుకుంటాను. ఆవుపాలు ఒక్క చుక్క కూడా ఇవ్వొద్దు, పడవు, విరేచనాలతో పోతుంది అన్నాడు. పసిపిల్లల డబ్బాపాలు, గంజి, కాస్త కొబ్బరి కలిపి పెద్ద సీసాతో పట్టమన్నాడు.

ఇక్కడ మా ఊళ్ళ సంగతి చెప్పాలి. వినాయకుడు వచ్చాడని చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలాయి. చెంబులతో ఆవుపాలు, గంపలతో అరటిపండ్లు, బెల్లం. గేటు దగ్గర నన్ను నిలబెట్టారు అడ్డుకోమని. నన్నే ఎందుకు? వై.ఎన్.హొసకోట నుంచి వచ్చిన ఒక ముసలామె, "దేవునికి పాలొద్దనేదానికి నువ్వెవడ్రా?" అని చెంబెడు పాలు నా బూట్ల మీద పోసిపోయింది. ఆ బూట్లు కొత్తవి. లోపల డాక్టరు, రేంజరు టీ తాగుతున్నారు.

అసలు కష్టం వేరే. గున్న సీసా నోట్లో పెట్టించుకోలేదు. తొండంతో తోసేసేది. ఒక రోజు గడిచింది, రెండో రోజు మధ్యాహ్నమైంది. కళ్ళు లోపలికి పోయాయి. తొండం అటూ ఇటూ గాలిలో వెతికేది, దేనికో, దొరక్క దించేసేది. డాక్టరు నీళ్ళు మాత్రం సూదితో ఎక్కించాడు.

"రేపటికి తాగకపోతే కష్టమండీ," అన్నాడు నాతో. నాతోనే అన్నాడు. అంటే నన్ను లెక్కలోకి తీసుకున్నట్టే కదా. తర్వాత ఎందుకు మరిచిపోయాడు?

ఇప్పుడు చెప్పబోయేది నేను ఇన్నేళ్ళూ చెప్పిన తీరులోనే చెప్తాను. తర్వాత సర్దుకుందాం. ఆ సాయంత్రం మా వదిన పని ముగించుకుని గున్నను చూడ్డానికి వచ్చింది. మేము మాట్లాడుకుంటున్నాము. అప్పుడు నాకు తట్టింది: ఏనుగు పిల్ల పాలు తాగేది తల్లి కడుపు కింద నిలబడి. పైన నల్లగా, గరుకుగా, వెచ్చగా ఒకటి ఉండాలి. దానికి తొండం ఆనించి, నోటితో తాగుతుంది. ప్యానెల్ కింద అది వెతికింది అదే. వెంటనే షెడ్డులో అడ్డంగా తాడు కట్టి, నేను ఇంటినుంచి తెచ్చిన నల్ల గొర్రెబొచ్చు కంబళి దాని మీద వేసి, గున్న వీపుకు తగిలేలా దించాము. గున్న కంబళిని వాసన చూసింది. తొండం పైకెత్తి దానికి ఆనించింది. నోరు తెరిచింది. డాక్టరు సీసా పెట్టాడు.

ఎంత చప్పుడు చేస్తూ తాగిందో! డాక్టరు నవ్వుతూ ఏడ్చాడు. రేంజరు ఎవరికో ఫోన్ చేశాడు. ఆ తర్వాత రెండు మూడు గంటలకోసారి, కంబళి కిందికి రావడం, తొండం ఆనించడం, తాగడం. ఆ ఫోటో ఆ రోజుల్లోనే తీశారు.

నెల తిరిగేసరికి గున్న నా వెంట నర్సరీ అంతా తిరగసాగింది. ఒక్కరికే అలవాటు చేయొద్దు, మనుషులు మారుతూ ఉండాలి, లేకపోతే ఆ ఒక్కరు లేని రోజు బెంగపెట్టుకుంటుంది అన్నాడు డాక్టరు. సరే సార్ అన్నాను. మార్చలేదు. ఇంకెవరు చూస్తారు దాన్ని? కంబళి కంపు కొడుతోంది, ఉతికించమన్నాడు. సరే సార్ అన్నాను. ఉతికించలేదు. ఆ వాసనే కదా దానికి కావలసింది! ఈ రెండో విషయంలో నేనే ఒప్పు అని తర్వాత తేలింది. మొదటిదాంట్లో ఎవరు ఒప్పో ఇప్పటికీ తెలియదు.

డాక్టరు పైకి రిపోర్టు పంపాడు. టైపు చేసిన గుమస్తా నాకు చూపించాడు. కంబళి పద్ధతి గురించి ఒక పేజీ ఉంది. చివర, 'స్థానిక సిబ్బంది సహాయంతో' అని. అంతే. నేను స్థానిక సిబ్బందిని. నా పేరుకు ఎన్ని అక్షరాలు ఉన్నాయనీ? ఫోటోలో చేయి నాదని, దాని కిందనన్నా నా పేరు రాయమని మొదటి అర్జీ అప్పుడు పెట్టాను.

లారీ వచ్చిన రోజు గురించి చెప్పాలి. ఆ రోజు నర్సరీలో షామియానా వేశారు. పెద్ద ఆఫీసరు వచ్చారు, పేపరు వాళ్ళు వచ్చారు. నేను గున్న పక్కన నిలబడి ఉన్నాను. నేను పక్కనుంటేనే అది కదలకుండా నిలబడుతుంది, అందుకు. ఫోటో తీసే అతను కెమెరాలోంచి తల ఎత్తి నాతో, "స్వల్ప ఆ కడె సరీరి" అన్నాడు, కాస్త పక్కకు జరగమని. జరిగాను. "ఇన్నూ స్వల్ప" అన్నాడు. ఇంకా జరిగాను. అట్లా జరుగుతూ జరుగుతూ షెడ్డు వెనక్కి పోయాను. అక్కడ కంబళి తాడు మీద వేలాడుతోంది.

లారీలోకి సామాన్లు ఎక్కిస్తున్నారు. రేంజరు చేతిలో జాబితా. సీసాలు, పాలడబ్బాలు, మందులు, గంజి గిన్నె, ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటున్నాడు. జాబితాలో కంబళి లేదు. ఆఫీసు కొన్నది కాదు కదా, రిజిస్టరులో ఉండదు. నేను చూస్తూ నిలబడ్డాను. ఎవరైనా అడుగుతారని. అడిగితే ఇచ్చేవాడినే. దేవుడి మీద ఒట్టు, ఇచ్చేవాడినే. ఎవరూ అడగలేదు. లారీ తలుపు వేశారు. గున్న లోపలి నుంచి ఒకసారి అరిచింది. నేను కంబళి మడిచి బండి వెనక కట్టుకుని ఇంటికి పోయాను.

దారంతా నాకు ఒక రకంగా సంతోషంగా ఉంది. అయినా రెండుసార్లు బండి ఆపి కట్టిన ముడి చూసుకున్నాను. ఎందుకో తెలియలేదు. ఇంట్లో మా ఆవిడ, "అదేందీ, మన ఇంట్లోకి ఈ కంపు?" అంది. వసారాలో మూలన పెట్టాను.

మూడో రోజు రేంజరు ఫోన్.

"ఆ కంబళి యాడుండాదప్పా? అది ఆడ పాలు ముట్టలేదంట. వాళ్ళు వేరే దుప్పటి కట్టినారంట, దాన్ని చింపేసినాదంట."

"ఏ కంబళి సార్?"

"ఏ కంబళేంది? తాడు మీద ఉండేది!"

"రిజిస్టరులో చూడండి సార్. అందులో ఉంటే నేను జవాబుదారీ."

"నీకు బుద్ధుండాదా? అది చచ్చిపోతాది."

"అయితే కంబళి ఎవరిదో, పద్ధతి ఎవరిదో రాసి, లెటరు పంపండి సార్. పంపిన వెంటనే ఇస్తాను."

పెట్టేశాను. ఫోన్ మళ్ళీ రెండుసార్లు మోగింది, తీయలేదు. ఇది చదివే పిల్లలకు నేను దాచను. అప్పుడు నేను గున్న చచ్చిపోతుందని నమ్మలేదా, నమ్మీ అట్లా చేశానా అనేది నాకు ఈ రోజుకీ తేలలేదు. ఒక్కటి గుర్తుంది. మనసులో లెటరు వాక్యాలు తయారుచేసుకుంటూ కూర్చున్నాను, వాళ్ళు ఏమని రాయాలో.

మర్నాడు తెల్లారీ తెల్లారకముందే తలుపు కొట్టిన చప్పుడు. మా వదిన. పనికి పోయే చొక్కాలోనే ఉంది. ఎవరు చెప్పారో, అంతా తెలిసే వచ్చింది.

"నా కంబళి ఇయ్యప్పా," అంది.

"నీదేంది వదినా? నేను ఇంటినుంచి తెచ్చిందే కదా అది."

"నీదా?" ఆమె వసారా మూలకు పోయి కంబళి విప్పింది. అంచు పట్టుకుని నా ముఖం ముందు పెట్టింది. "ఇది చూడు. ఎర్రదారం. మా అత్త కుట్టినాది. గొర్రెల కాడ మంద పక్కన అందరూ పండుకుంటే ఒకరి కంబళి ఇంకొకరిదాంట్లో కలిసిపోతాదని. మా మామది ఇది. ఆ పొద్దు నేను ఇంటికి పరిగెత్తి తేలేదా? నువ్వేగా తాడు కట్టినావు?"

"నేను తెచ్చినా వదినా, నాకు బాగా గుర్తుండాది. నర్సరీకి పోయిన తొలి రోజే తెచ్చినా."

అప్పుడు మా ఆవిడ లోపలి నుంచి వచ్చింది. చేతిలో మడత పెట్టిన కంబళి. "మీరు తెచ్చింది ఇదీ. పరుచుకునేదానికని తీసుకుపోయి, గొంగళిపురుగు ఉండాదని మర్నాడే తెచ్చి అటక మీద పడేసినారు."

ఇద్దరు ఆడవాళ్ళ మధ్య రెండు కంబళ్ళు. ఒకదానికి ఎర్రదారం ఉంది, ఒకదానికి లేదు. నేను అర్థం కానివాడిలా రెండిటినీ చూస్తూ నిలబడ్డాను. ఎవడు ఎప్పుడు నన్ను ఏమన్నాడో తారీఖులతో చెప్పగలవాణ్ణి. ఇది ఎట్లా మరిచిపోయాను?

"వాదించుకునేది తర్వాత," అంది వదిన. "ముందు కదులు. పసిది ఆడ ఆకలితో ఉండాది."

రేంజరుకు నేనే ఫోన్ చేశాను. జీపు వచ్చింది. డాక్టరు ముందు కూర్చున్నాడు. మమ్మల్ని ఇద్దరినీ వెనక్కి ఎక్కమన్నారు, కంబళి కంపు అని. ఎక్కాను. వదిన ఆ పొద్దు పని మానుకుని వచ్చింది. దారి పొడుగునా కంబళి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పొద్దు వాలే వేళకు చేరాము. నేను అలాంటి చోటు ఎప్పుడూ చూడలేదు. పెద్ద చెట్ల కింద కొయ్య కంచెలు, ఒక్కోదాంట్లో ఒక్కో గున్న. ఒకదానికి కాలికి కట్టు. ఒకటి బురదలో దొర్లుతోంది. రెండు తొండాలు కలుపుకుని నిలబడ్డాయి. అన్నీ తల్లులు లేనివే. పాలు పట్టే మనుషులు రోజూ మారుతుంటారట, డాక్టరు చెప్పినట్టే. మా గున్న కంచె మూలన పడుకుని ఉంది. పక్కన ఒక ముసలాయన, అక్కడ చాలా ఏళ్ళుగా పిల్లల్ని సాకే మనిషి, సీసా పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

నేను పిలిచాను. నెల రోజులు పిలిచిన పిలుపే. చెవి కదల్లేదు.

వదిన కంబళి విప్పి గట్టిగా దులిపింది. గొర్రెవాసన, చెమట, మా నర్సరీ మట్టి, అన్నీ ఒక్కసారి లేచాయి. గున్న తొండం కొస కదిలింది. తల ఎత్తింది. నేనూ ముసలాయనా రెండు గుంజలకు తాడు కట్టాము. కంబళి వేలాడేసరికి గున్న లేచింది. ముందుకాళ్ళు వణికాయి, కూలబడింది, మళ్ళీ లేచింది. కంబళి కిందికి వచ్చి తొండం ఆనించి, అట్లాగే చాలాసేపు నిలబడింది. తర్వాత నోరు తెరిచింది.

అది తాగుతున్నంతసేపూ నేను దాని కళ్ళలోకే చూశాను, నన్ను గుర్తుపడుతుందేమోనని. నన్ను చూడలేదు. వదిననూ చూడలేదు. దానికి కావలసింది పైన గరుకుగా ఉన్న నలుపు. నెల రోజులు దాని వెంట తిరిగింది నేనా, నా వెంట తిరిగింది అదా? ఇప్పటికీ తెలియదు.

ముసలాయన సీసా దించి కన్నడంలో అడిగాడు, "ఎన్నేళ్ళుగా చేస్తున్నా, ఇంత గొర్రెకంపు కంబళి మాకు తోచలేదు. ఎవరి ఆలోచన ఇది?"

"నాది," అన్నాను.

అనాలని అనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది. నెల రోజులుగా ఎవరైనా అడుగుతారని ఎదురుచూసిన మాట కదా. వదిన వెనకే ఉంది. వినింది. కంబళికి పట్టుకున్న పల్లేరుకాయను ఒకటి గిల్లి తీసి, కింద పడేసి కాలితో తొక్కింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆ సాయంత్రం షెడ్డు దగ్గర మేము మాట్లాడుకున్న మాటలు. ఆమె గున్నను చూసి, "దీనికి వీపు మీద ఏమీ లేదప్పా. ప్లేటు కింద ఎందుకు నిలబడినాదనుకున్నావు? ఏందన్నా కప్పు నెత్తి మీద" అంది. నేను తల్లి కడుపు గురించి అన్నాను. ఏది ముందు? ఆమె అన్న తర్వాత నేనన్నానా? నేనన్న తర్వాత ఆమె అందా? ఎన్నిసార్లు గుర్తు తెచ్చుకున్నా ఒక్కోసారి ఒక్కో తీరుగా వస్తుంది. రాత్రి అనుకుంటే నేను ముందు. పొద్దున అనుకుంటే ఆమె ముందు.

కంబళి అక్కడే ఉండిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు జీపులో, "నా కంబళి నువ్వు తీసుకో వదినా," అన్నాను.

"నీది నువ్వే కప్పుకో. మళ్ళా దానికీ అర్జీ పెడతావు," అంది. నవ్విందో లేదో చీకట్లో కనపడలేదు.

మీరనుకుంటారు, అంతటితో నేను మారిపోయానని. మారలేదు. కంబళి ఆమెది, సరే. ఆలోచన ఎవరిదో తేలలేదు, సరే. కానీ ఫోటోలో చేయి నాదే కదా! రోజూ కంబళి ఎత్తి పట్టుకున్నది నేనే కదా! దాని మీద ఇంకో నాలుగు అర్జీలు పెట్టాను, మొదటిదానితో కలిపి ఐదు. రేంజర్లు మారారు. డాక్టరు పెద్ద పదవికి పోయాడు. ప్రతి కొత్త రేంజరుకూ నా అర్జీ ఒకటి స్వాగతం చెప్పేది. ఐదో అర్జీలో ఇంకా గట్టిగా రాశాను: 'సదరు చేయి నాదేననడానికి మణికట్టున ఉన్న గడియారపు పట్టీయే సాక్ష్యము.'

రిటైరయ్యాను. గున్న పెరిగి పెద్దదైందని, కొత్తగా వచ్చే పిల్లల పక్కన పెద్దమ్మలాగా నిలబడుతుందని విన్నాను. పోయి చూడలేదు. గుర్తుపట్టకపోతే?

మొన్న ఎండాకాలం ఒక పని మీద ఆఫీసుకు పోయాను. సున్నం వేయిస్తున్నారు. గోడల మీదివన్నీ దించి గుమస్తా బల్ల మీద పరిచారు. ఆ ఫోటో కూడా. ఇన్నేళ్ళలో దాన్ని తలుపు పైన, మెడ ఎత్తి చూడడమే గానీ చేతిలోకి తీసుకున్నది అదే మొదటిసారి. అద్దాలు పెట్టుకుని దగ్గరగా చూశాను.

అది కుడి చేయి. నేను గడియారం పెట్టుకునేది ఎడమ చేతికి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఎడమ చేతికే.

మణికట్టున ఉన్నది పట్టీ కాదు. గుడ్డపేలిక. మట్టిరంగు చొక్కా చేయి అంచు మీద బిగించి కట్టిన పేలిక. నా ఖాకీ అనుకున్నది ఆ చొక్కా.

గుమస్తా "ఏం సార్, ఆరో అర్జీనా?" అన్నాడు. ఫోన్లో ఆ ఫోటోను ఫోటో తీసుకుని వల్లూరు పోయాను.

మధ్యాహ్నం. ఆడవాళ్ళు ప్యానెళ్ళ నీడలో కూర్చుని రాగిముద్ద తింటున్నారు. వదిన జుట్టు నెరిసింది. చొక్కా రంగు మారింది, కంపెనీ మార్చిందట. మణికట్టుకు మాత్రం పేలిక ఉంది.

"అదెందుకు కడతావు వదినా?" అన్నాను.

"ఇన్నేండ్లకు అడుగుతున్నావా? కర్ర పైకెత్తి కడిగితే నీళ్ళు చేతి మీదుగా చంకలోకి కారతాయి. పేలిక పీల్చుకుంటాది."

ఫోన్ చూపించాను. ఆమె ఫోటో చూడటం అదే మొదలు. ఆఫీసులోకి ఆమెను ఎవరు రానిచ్చారు కనుక? చేయి తుడుచుకుని, తెరను దగ్గరగా పెట్టుకుని చూసింది.

"అయ్యో, ఆ చొక్కా ఎంత కొత్తగా ఉండాదో!" అంది. పక్కనున్నవాళ్ళకు చూపించింది. "ఇదిగో, నా చెయ్యి. ఆ పొద్దు ఈయప్ప టీకి పోతే నన్ను పట్టుకోమన్నారు."

నేను టీకి పోయానా? డాక్టరూ రేంజరూ లోపల టీ తాగినవన్నీ నాకు గుర్తున్నాయి. నేను తాగిన ఆ ఒక్క టీ గుర్తులేదు.

"నేను దాని మీద ఐదు అర్జీలు పెట్టినా, వదినా. నాదని."

ఆమె ముద్ద మింగి నన్ను చూసింది. కోపం వస్తే బాగుండేది. "దానికీనా?" అంది. "గున్న బాగుండాదంటనా?"

"బాగుండాదంట."

"మామ కంబళి?"

"పీలికలై పోయుంటాది."

"పోతే పోనీ. చెయ్యి మాత్రం నాదని రాయించప్పా. నా మనవరాలికి చూపిస్తా." అని మళ్ళీ ముద్ద చేతిలోకి తీసుకుంది.

మర్నాడే ఆఫీసుకు పోయి ఆరో అర్జీ ఇచ్చాను. గుమస్తా చదివాడు, ఫైలు తీశాడు, నన్ను చూశాడు.

"ఇట్ల కుదరదు సార్. ఈ చెయ్యి మీదేనని ఐదుసార్లు మీరే రాసిచ్చినారు. సంతకాలు, సీళ్ళు, గడియారం సాక్ష్యం, అన్నీ ఉండాయి. ఇప్పుడు ఆమెదంటే ఎట్ల? ఆమె మా సిబ్బంది కూడా కాదు. మీ అర్జీలనే చూసి, మొన్న కొత్త రేంజరు సార్ మీ పేరు రాయమని ఆర్డరు కూడా ఏసినారు. సున్నం ఆరితే పెయింటరొస్తాడు."

నా పేరు. ఇన్నేళ్ళకు.

పిల్లలూ, మీకు దీంట్లోంచి ఏం పనికొస్తుందో నాకు తెలియదు. గున్నకు ఆవుపాలు పట్టొద్దు, కంబళి ఉతకొద్దు, ఈ రెండూ మాత్రం ఖాయం. మిగతావి నాకే తేలలేదు. బయటికి వచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాను. కొత్త తెల్లకాగితం తీసి, ఎడమ చేతి గడియారం కనపడేలా, జేబులో తెచ్చుకున్న నా పాత ఫోటో ఒకటి జతచేసి, ఏడో అర్జీ మొదలుపెట్టాను. దీనికి జవాబు వచ్చేదాకా ఎనిమిదో, తొమ్మిదో పెడుతూనే ఉంటాను. ఎవరు వద్దన్నా ఊరుకోను. విషయం అనే చోట ఇలా రాశాను:

'సదరు చేయి నాది కాదు.'